మొక్కిన ఇంట్లో చికెన్ నూడుల్స్

నాకు ముక్కు మీద కోపమని మా వాడకట్టులో పసిపిల్లలకు కూడా తెలుసు. అంగన్‌వాడీ టీచరుని. రోజంతా చంటిపిల్లల మధ్య అరిచి అరిచి నా గొంతే అలా తయారైంది. కేంద్రానికి వచ్చే గర్భిణులకు మధ్యాహ్నం అన్నం, పప్పు, పాలు, ఉడకబెట్టిన గుడ్డు నా చేత్తోనే పెడతాను. కొందరు ఆ గుడ్డును కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకుపోయి పెద్దపిల్లలకు పెట్టేస్తారు. నాకు తెలియదా! "ఏమే, నీ కడుపుల పిల్లకు ఆకలి లేదా? నా కండ్ల ముంగట తిను. తిన్నంకనే లెవ్వాలె" అని నెత్తి మీద నిలబడి తినిపిస్తాను. వాళ్లు నన్ను తిట్టుకుంటూనే తింటారు.

అలాంటి నా ఇంట్లోకి ఆ ఏడాది కోడిగుడ్డు కూడా రాలేదు. రాకుండా ఆపింది వేరే ఎవరో కాదు, నేనే.

మా కోడలు ఇచ్చోడ దిక్కు పిల్ల. మాటల్లో అక్కడక్కడా మరాఠీ వచ్చిపడుతుంది. తల్లి లేదు. తండ్రి పత్తి చేను చూసుకుంటూ ఒక్కడే ఉంటాడు. కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటికి పంపుదామన్నా చూసే ఆడదిక్కు లేదు. మాకున్న ఒక్క కొడుకు దుబాయిలో ఒక హోటల్ వంటగదిలో పని చేస్తాడు. వాడు పెళ్లయ్యాక మొదటిసారి సెలవు మీద వచ్చిపోయినప్పుడు పిల్లకు నెల తప్పింది. నాలుగో నెలలో వాంతులు ఎక్కువై ఆసుపత్రిలో చేర్పించాం. గ్లూకోజు ఎక్కిస్తుండగానే కడుపు పోయింది. ఇంటికి వచ్చి ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఏడవలేదు.

ఆ సోమవారమే నేను వేములవాడ పోయాను. మా వైపు ఎవరికి ఏ కష్టం వచ్చినా రాజన్నకు కోడె మొక్కుకుంటారు. మొక్కు తీరాక కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, అక్కడ కట్టేసి వస్తారు. నేను అంతటితో ఆగలేదు. ఆగే మనిషినైతే ఈ కథే లేదు. పదిమందికీ వినబడేలా అన్నాను: "రాజన్నా, నా కోడలి కడుపు మళ్ల పండియ్యి. బిడ్డను ఎత్తుకొచ్చి నీ కాడ కోడెను కట్టేదాంక మా గడపల నీసు అడుగు పెట్టది."

ఎవరినైనా అడిగానా? లేదు. ఇంటికి వచ్చి చెప్పానంతే. ఆదివారం కోడికూర లేకపోతే ముద్ద దిగని మా ఆయన కూడా కిమ్మనలేదు. ఆయన సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి పని చేసి, ఇంట్లో నా చప్పుడు కూడా అలవాటు చేసుకున్న మనిషి. మా కొడుకు మళ్లీ సెలవు మీద వచ్చి పోయాడు. ఉన్నన్నాళ్లూ వాడు కూడా పప్పుతోనే తిన్నాడు. వాడు పోయిన తర్వాత పిల్లకు మళ్లీ నెల తప్పింది. రాజన్న విన్నాడని వాడకట్టంతా బెల్లం పంచాను.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. మళ్లీ వాంతులు. అన్నం పొంగు వాసన వస్తే చాలు, పరుగున పోయి నల్లా దగ్గర కూలబడేది. చారు, గటక, జొన్నరొట్టె, మరమరాలు, దానిమ్మ గింజలు, ఏది పెట్టినా అంతే. నీళ్లు కూడా ఒక్కోసారి నిలిచేవి కావు. మూడో నెల దాటితే తగ్గుతుందన్నారు. నాలుగో నెల వచ్చింది, తగ్గలేదు. ఆ పిల్ల చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే చూసి నా గుండె జారిపోయేది. కేంద్రంలో ఊరి కోడళ్లందరి బరువూ తూచి రాసే దాన్ని, మా కోడల్ని కాంటా మీద నిలబెట్టాలంటే భయమేసేది.

ఒకరోజు నేను వాకిట్లో బట్టలు తీస్తుంటే, లోపల అది మొగుడితో ఫోన్‌లో మాట్లాడుతోంది. "మనం పోతుంటిమి సూడు, బస్టాండు ఎన్క బండి కాడికి? గా చికెన్ నూడుల్స్ యాదికొస్తున్నయి. కలల గూడ అవే. తింటే నిలుస్తయి అనిపిస్తుంది" అంటోంది. వాడేదో అన్నాడు. "వద్దు, అవ్వకు చెప్పకు. మొక్కుకున్నది గదా" అని గొంతు తగ్గించింది. అవ్వంటే నేనే, వాడి తల్లిని.

నేను చీరలు భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాను. పెళ్లైన కొత్తలో ప్రతి ఆదివారం సాయంత్రం వీళ్లిద్దరూ ఆ బండి దగ్గరికి పోయి ఒకే ప్లేటు తీసుకుని చెరిసగం తినేవాళ్లు. ఇంట్లో ఇంత వండితే బయట ఏం తిండి అని అప్పుడు నేనే సణిగేదాన్ని.

సరే, నాకొచ్చిన తెలివి నేను చూపించాను. నూడుల్స్ పాకెట్టు, సాసు సీసాలు తెచ్చి, చికెన్ బదులు మీల్ మేకర్ వేసి చేశాను. వండటమా అది! సేమియా ఉప్మా తప్ప ఎరగని చెయ్యి. నూడుల్స్‌ను మెత్తగా ఉడకబెట్టి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద దట్టించి, మూత పెట్టి మగ్గించాను. ముద్దైంది. మీల్ మేకర్ అని చెప్పలేదు. పిల్ల ఒక్క బుక్క నోట్లో పెట్టుకుని, నన్ను చూసి నవ్వింది. "మంచిగనే ఉన్నది అత్తమ్మా, మీల్ మేకర్ గదా" అంది. ఆ మాట అయ్యీ కాకముందే లేచి పరుగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ నాలుక చూసింది, చేతి మీది చర్మం పట్టి చూసింది. "ఏది తినాలనిపిస్తే అది పెట్టండి. బయటి తిండి మాత్రం వద్దు. ఈ సాయంత్రానికల్లా ఏదో ఒకటి కడుపులో నిలవాలి. లేదంటే రేపు పొద్దున్నే తీసుకొచ్చి అడ్మిట్ చేయండి" అంది.

అడ్మిట్ అనే మాట వినగానే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఆటోలో వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టి అంది: "అత్తమ్మా, నన్ను ఆడికి పంపకు. పోయినసారి గూడ గిట్లనే అన్నరు." కొంగుతో దాని మొహం తుడిచి "ఊకో, ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఇంటి ముందు ఆటో దిగేసరికి నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. మా ఆయన్ని పక్కకు పిలిచి చికెన్ తెమ్మన్నాను. ఆయన నా మొహం కేసి చూశాడు. "మొక్కు?" అన్నాడు. "నేను జూసుకుంట. బొక్కలు లేకుంట కొట్టియ్యి" అన్నాను.

గోడ పక్కన మా పక్కింటి ఆమె నిలబడి అంతా విన్నది. మంచి మనిషే. "వదినా, మా ఇంట్ల వండు. పిల్లను గీడికే తోల్కచ్చి తినిపియ్యి. మీ గడపలకు రాదు గదా, మొక్కు తప్పినట్టు గాదు" అంది. అది విని నాకు ఒళ్లు మండింది. "రాజన్నతోని వకీలు మాటలు మాట్లాడాల్నా నేను? కండ్లల్ల నీళ్లు పెట్టుకుని మొక్కి, ఇయ్యాల గోడవతల వండిన, నాకు సంబంధం లేదందునా? తప్పితే మొగమ్మీద మొగం పెట్టి తప్పుత" అన్నాను. పాపం, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మా ఆయన చికెన్ తెచ్చాడు. షాపు అతను "మొక్కు తీరిందా కాకా?" అని అడిగాడట. ఈయన తల ఊపాడట, అవునన్నట్టో కాదన్నట్టో ఈయనకే తెలియదు. తెచ్చి గడప బయట నిలబడిపోయాడు. నల్ల కవరు చేతిలో ఊగుతోంది. కాలు లేవడం లేదు. "ఇగో, నువ్వే పట్టుకపో" అన్నాడు. నేను కవరు లాక్కుని గడప దాటాను. కుడికాలు ముందు పెట్టాను. చికెన్‌తో లోపలికి వస్తూ కుడికాలు ఎందుకు పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్ల ముందు గదిలో మంచం మీద పడుకుని ఉంది. వాసన తగిలితే మళ్లీ మొదలవుతుందని వంటింటి తలుపు మూసి, కిటికీలు తెరిచాను. కొడుక్కి వీడియో కాల్ చేశాను. వాడు అప్పుడే విరామంలో ఉన్నాడు. హోటల్ వెనక మెట్ల మీద కూర్చుని, నెత్తి మీది టోపీ కూడా తీయకుండా ఫోన్ ఎత్తాడు. విషయం చెప్పాను. వాడు కూడా అదే మాట, "మొక్కు ఎట్లనే అవ్వా?" అన్నాడు.

"మీ అయ్యా కొడుకులకు ఇంకో మాట రాదా? ఎట్ల చెయ్యాల్నో చెప్పు!"

చెప్పాడు. చికెన్‌ను సన్నగా పొడుగ్గా కోయమన్నాడు. ఉప్పు, మిరియాల పొడి, చెంచాడు సోయా సాసు, కొంచెం మక్కజొన్న పిండి పట్టించమన్నాడు. నా చెయ్యి దానంతటదే అల్లం ఎల్లిగడ్డ డబ్బా మీదికి పోయింది. "అద్దవ్వా! గా వాసనకే కక్కుతది. రెండు ఎల్లిపాయలు సన్నగ తరుగు, సాలు" అని అరిచాడు. చికెన్ అన్నాక అల్లం లేకుండా ఎలా వండుతారో నాకు అర్థం కాలేదు, కానీ డబ్బా పక్కన పెట్టాను.

నూడుల్స్ పలుకు మీద ఉండగానే దించి, చల్లనీళ్లు పోసి, నీళ్లు వంపి జల్లెడలో వేశాను. అయినా ఉండ కట్టాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెరటి తలుపు దగ్గర ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి జల్లెడ ముందు కూర్చున్నాడు. చేతికి నూనె రాసుకుని, ఒక్కొక్క పోగు విడదీయడం మొదలుపెట్టాడు. పొద్దంతా దారం చిక్కులు తీసే వేళ్లు. ఒక్కటీ తెగలేదు. చికెన్ ఉన్న గిన్నె కేసి మాత్రం చూడలేదు.

ఇనుప కడాయి పొగలు వచ్చేదాకా కాలనిచ్చాను. నూనె పోసి చికెన్ వేసి తెల్లబడగానే తీసేశాను. ఎల్లిపాయ, ఉల్లిగడ్డ, క్యాబేజీ, క్యారెట్ వేసి పెద్ద మంట మీద తిప్పాను. అలవాటు చొప్పున మూత పెట్టాను. "మూత తియ్యవ్వా! మెత్తవడ్తది!" అని ఫోన్‌లోంచి కేక. తీశాను. నూడుల్స్, చికెన్ వేసి, అంచున సాసు పోసి, రెండు చేతులా రెండు గరిటెలు పట్టుకుని ఎగరేసినంత పని చేశాను. చెమట కళ్లలోకి కారుతోంది. చివరికి ఉల్లాకు చల్లాను. "గంతే అవ్వా. మంచిగొచ్చింది. పెట్టు" అన్నాడు వాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ప్లేటు తీసుకుని ముందు గదిలోకి పోయాను. పిల్ల లేచి కూర్చుంది. పొగ దాని మొహానికి తగిలింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. పరుగెత్తలేదు. కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి ముందుకు వచ్చింది. వచ్చి, మధ్యలో ఆగిపోయింది.

"ఇది చికెనే గదా అత్తమ్మా?"

"చికెనే. తిను."

చెయ్యి వెనక్కి పోయింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "నేను తిన" అంది.

"ఎందుకు తినవు? కలల్ల గూడ ఇవే వస్తున్నయంటివి."

"మొక్కు తప్పితే? పోయినసారి ఏ తప్పు చెయ్యకున్న పోయింది. ఇప్పుడు నా నోటితోని నేనే పోగొట్టుకున్నట్టయితది. నేను తిన అత్తమ్మా."

అరిచాను. కేంద్రంలో అరిచే అరుపంతా అరిచాను. తినకపోతే రేపు ఆసుపత్రే అన్నాను. నీ మంచికేనే అన్నాను. బిడ్డా, నీ కాళ్లు మొక్కుత అన్నాను. పెదాలు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపింది. నా అరుపుకు గుడ్లు మింగిన కోడళ్లు ఎంతమందో, నా ఇంట్లో నా కోడలి దగ్గర మాత్రం పనిచేయలేదు. ప్లేటులోంచి పొగ తగ్గిపోతోంది. చల్లారితే మళ్లీ తినబుద్ధి కాదు. వంటింటి గుమ్మంలో మా ఆయన నూనె చేతులతో నిలబడి ఉన్నాడు.

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"మొక్కింది ఎవలు? నువ్వా, నేనా?"

"నువ్వే."

"నిన్ను అడిగి మొక్కిన్నా?"

"లే."

"మరి తప్పితే ఎవల తప్పు?"

గోడ మీద రాజన్న పటం ఉన్న క్యాలెండరు ఉంది. దాని వైపు తిరిగాను. భయం వేయలేదా అంటే వేసింది. నాకు దేవుడంటే భక్తి కన్నా భయమే ఎక్కువ. అయినా అన్నాను: "రాజన్నా, మొక్కిన నోరు ఇదే. తప్పిన నోరు గూడ ఇదే. చేసేదేమన్న ఉంటె నాకు చెయ్యి. పిల్ల దిక్కు సూడకు."

ప్లేటులోంచి చికెన్ ముక్కలు ఏరి, నూడుల్స్ చుట్టి, ఇంత ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మింగాను. రుచి తెలిసిందా అంటే ఒట్టు, తెలియలేదు. మా ఆయన గుమ్మం దగ్గరి నుంచి వచ్చి, ఒక ముక్క తీసి తానూ నోట్లో వేసుకున్నాడు. "నీ ఒక్కదాని మీదికే ఎందుకు" అన్నాడు మెల్లగా.

పిల్ల మమ్మల్ని మార్చి మార్చి చూసింది. పోయినసారి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. కళ్లు మూసుకుని, పెదాలు కదిలించి ఏదో అనుకుంది. దండం పెట్టుకుంటోంది అనుకున్నాను. తర్వాత ప్లేటు ఒళ్లోకి తీసుకుని ఏడుస్తూనే తినడం మొదలుపెట్టింది. మొదట ఒక్కొక్క పోగు, తర్వాత ఒక్కొక్క బుక్క.

ఇక అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. పాత టబ్బు ఒళ్లో పెట్టుకుని నేను, చెంబు పట్టుకుని మా ఆయన. దుబాయి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. వీధిలో సాంచాలు టకటకలాడుతున్నాయి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. వాడకట్టు మొత్తం గప్‌చుప్. పిల్ల ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. అది గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను టబ్బు పట్టుకుని దూకాను.

"తేన్పొచ్చింది అత్తమ్మా, గంతే" అంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. పిల్ల పక్కకు ఒరిగి నిద్రపోయింది. నేను టబ్బు వదలకుండా అలాగే కూర్చున్నాను. లేచి నీళ్లు అడిగింది. తాగింది. అవీ నిలిచాయి. "రేపు జర పుల్లగ చారు జెయ్యి అత్తమ్మా" అంది. అప్పుడు టబ్బు కింద పెట్టాను. అది పొడిగానే ఉంది.

మర్నాడు ఆసుపత్రికి పోలేదు. చారన్నం నిలిచింది, తర్వాత రొట్టె నిలిచింది, గుడ్డు కూడా నేనే పెట్టాను. మరోసారి నూడుల్స్ చేస్తానంటే "వద్దు, చారు సాలు" అంది. కోరిక తీరిందనుకున్నాను. అయితే ఆ నెలలన్నీ నాకు తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా, ఇదేనా శిక్ష అని లోలోపల వణికేదాన్ని. నేను దగ్గితే చాలు, ఆ పిల్ల ఉలిక్కిపడి చూసేది. నా మీద భయం కాబోలు అనుకునేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. గట్టి గొంతు, నా పోలికే. కొడుకు సెలవు మీద వచ్చాక అందరం వేములవాడ పోయి కోడెను కట్టాం. రాజన్న ఎదుట నిలబడి మనవరాల్ని పైకెత్తి చూపించానంతే.

ఆ ఆదివారం సాయంత్రం మా కొడుకు బస్టాండు వెనక బండి నుంచి చికెన్ నూడుల్స్ తెచ్చాడు. పాత రోజుల్లో లాగే ఒకే ప్లేటు. కోడలు ముట్టలేదు. వాడు బతిమాలాడు, అలిగాడు. అయినా ముట్టలేదు. నాకు కోపం వచ్చింది. "ఏమొచ్చిందే నీకు? పాపం వాడు మనసుపడి తెస్తే!"

పిల్ల తల వంచుకుంది. "నేను మొక్కుకున్న అత్తమ్మా. ఆ దినం నువ్వు బుక్క నోట్లె పెట్టుకున్నప్పుడు. అత్తమ్మకేం గావద్దు రాజన్నా, గీ ప్లేటు దాటితే మళ్ల నూడుల్స్ ముట్టనని."

"ఎన్ని దినాలే?"

"నువ్వున్నన్ని దినాలు."

నాకు వచ్చిందే చేశాను. గట్టిగా అరిచాను. "నన్ను అడిగి మొక్కినవా?"

అది మొదటిసారి నాకు ఎదురు మాట్లాడింది. "నువ్వు నన్ను అడిగినవా?"

మనవరాల్ని ఎత్తుకుని బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని బోరున ఏడ్చాను. లోపల మా వాడు "అవ్వకేమైందే?" అని పెళ్లాన్ని అడుగుతున్నాడు.